ముఖం బాగాలేదని పాడితే అది ప్రేమ పాట ఎలా అవుతుంది?

ప్రశ్న: సార్, నమస్కారం. నాకు 29 ఏళ్లు. ఆఫీసు పని అయ్యాక గిటార్ వాయించుకోవడం ఆరేళ్లుగా అలవాటు. ఫిబ్రవరి 14న విశాఖలో మా ఎంగేజ్‌మెంట్. అమ్మాయికి పాత జాజ్ అంటే ఇష్టం, ట్రంపెట్ వాయించి పాటలు పాడిన చెట్ బేకర్ అంటే ప్రాణం. ఆ రోజు స్టేజి మీద తన కోసం 'మై ఫన్నీ వాలెంటైన్' పాడదామని రెండు నెలలుగా ప్రాక్టీస్ చేస్తున్నాను. మొన్న మా అక్క పక్కన కూర్చుని ఆ పాట మాటలు ఫోన్‌లో చదివింది. "ఏంట్రా ఇది? నీ ముఖం చూస్తే నవ్వొస్తుంది, ఫొటోకి పనికిరావు, నోరు కూడా సరిగ్గా లేదు అని రెండు వైపుల చుట్టాల ముందు ఆ పిల్లని అంటావా? వాళ్ల నాన్న లేచి వెళ్లిపోతాడు" అంది. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. ఇది నిజంగా ప్రేమ పాటేనా? అసలు ఎవరిది, చెట్ బేకర్‌దా, గాయకుడు ఫ్రాంక్ సినాట్రాదా? ఒక్కొక్కరు ఒక్కోలా పాడారు. ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్‌ది వింటే అందులో పాటే దొరకలేదు. ఎవరిని పట్టుకోవాలి? పాడాలా, మానాలా?
– పేరు వద్దన్న పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: ముందుగా మీ అక్కగారికి నా నమస్కారాలు చెప్పండి. ఇంగ్లిషు పాటకి తల ఊపి ఊరుకోకుండా మాట మాటా చదివే మనుషులు తక్కువ. ఆవిడ చదివినదాంట్లో తప్పేమీ లేదు. అవన్నీ ఆ పాటలో ఉన్నవే. నిన్ను చూస్తే నవ్వొస్తుంది, ఫొటోలో బాగుండవు, ఒళ్లు చూద్దామా అంటే గ్రీకు శిల్పమేమీ కాదు, నోటి తీరు కాస్త అంతంత మాత్రం, పోనీ ఆ నోరు తెరిస్తే తెలివి కనిపిస్తుందా అంటే అదీ అనుమానమే. వరస ఇలా సాగుతుంది. మధ్యలో ఒకే ఒక్క చోట, అయినా నాకు ఎంతో ఇష్టమైన బొమ్మవి నువ్వే అంటుంది. మీ అక్కగారు తిట్లు పట్టుకున్నారు, మీరు ట్యూన్ పట్టుకున్నారు. ఈ ఒక్క ముక్కా ఇద్దరి చేతుల్లోంచీ జారిపోయింది.

ఇది ప్రేమ పాటే. చందమామ, వెన్నెల అంటూ వరసగా పొగిడే పాటల కన్నా నాకు ఈ పాట మీదే నమ్మకం ఎక్కువ. అయితే మీ ఎంగేజ్‌మెంట్ స్టేజి మీద పాడొచ్చా అన్నది వేరే లెక్క. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు పాట ఎవరిదో తేలిస్తే సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

చెట్ బేకర్‌ది కాదు. ఈ పాట పుట్టేనాటికి ఆయనకి ఏడేళ్లు. సినాట్రాదీ కాదు. న్యూయార్క్‌లో నాటకశాలల పేట బ్రాడ్‌వేలో, షూబర్ట్ థియేటర్‌లో 1937 ఏప్రిల్ 14న 'బేబ్స్ ఇన్ ఆర్మ్స్' అనే సంగీత నాటకం మొదలైంది. (తేదీ మీదే, నెల తేడా.) సంగీతం రిచర్డ్ రాజర్స్, మాటలు లోరెంజ్ హార్ట్. ఊరూరా తిరిగి ఆటపాటలు ప్రదర్శించే నటుల పిల్లలు కొందరు ఉంటారు. తల్లిదండ్రులు టూర్ మీద వెళ్లిపోతే, తమని పని చేయించే ఫార్మ్‌కి పంపకుండా తప్పించుకోవడానికి ఈ పిల్లలే ఒక షో వేస్తారు. కథంతా అంతే. ఇందులో బిల్లీ అనే అమ్మాయి వేషం మిట్జీ గ్రీన్ వేసింది. ఆమెకి అప్పుడు 16 ఏళ్లు. ఆ బిల్లీ తన మనసుకి నచ్చిన కుర్రాడిని చూసి ఈ పాట పాడుతుంది. ఆ కుర్రాడి పేరు వాల్. అసలు పేరు వాలెంటైన్.

కిటుకు ఇక్కడ ఉంది. పేరులో ఉన్నది ప్రేమికుల రోజు కాదు, ఒక అబ్బాయి. ఫిబ్రవరి 14 ప్రస్తావన పాట మొత్తం మీద ఆఖరి లైన్లో మాత్రమే వస్తుంది. అది కూడా, నువ్వు ఉంటే చాలు రోజూ ఆ పండగే అని. పైగా ఇది అమ్మాయి అబ్బాయి గురించి పాడే పాట. అంటే మీ అక్కగారి భయం తిరగబడింది. ఆ మాటలన్నీ పడాల్సింది మీ మీద!

ఇంకో సంగతి. పాటకి ముందు ఒక చిన్న ఎత్తుగడ ఉంది. వెర్స్ అంటారు. దాన్ని చాలామంది గాయకులు వదిలేసి నేరుగా అసలు పాటలోకి వెళ్లిపోతారు. మీరు విన్నవాటిలో కూడా బహుశా అది లేదు. ఆ ఎత్తుగడ అంతా కావాలనే పాతకాలపు ఇంగ్లిషులో రాశాడు హార్ట్. పౌరాణిక నాటకంలో పద్యం అందుకునే ముందు "ఓయీ మందమతీ" అని చెయ్యి చాపినట్టు ఉంటుంది. నీ చెదిరిన జుట్టు, ఏమీ పట్టనట్టుండే ఆ నుదురు నీ మంచి మనసుని దాచేస్తున్నాయి అంటుంది ఆ పిల్ల. చివరికి నిజాయితీపరుడు, కల్లాకపటం లేనివాడు, కొంచెం మొద్దు అని తేల్చేస్తుంది. ఇది వింటే తర్వాత వచ్చే ఎకసెక్కమంతా ఏ గొంతుతో అంటున్నదో ఎవరికైనా అర్థమవుతుంది. వెర్స్ కోసేసి మిగతాది మాత్రమే చదివితే అక్కగారికి కోపం రావడంలో ఆశ్చర్యం లేదు.

మనకి ఇది కొత్త కూడా కాదు. నిందాస్తుతి అని మన అలంకారశాస్త్రంలోనే ఉంది. రామదాసు జైల్లో కూర్చుని రాముణ్ణి లెక్కలు అడిగి కడిగిపారేస్తే దాన్ని భక్తి అనే అన్నాం. పెళ్లిళ్లలో వియ్యపురాళ్ల మీద పాడే ఎగతాళి పాటలు మీ నాయనమ్మగారినో అమ్మమ్మగారినో అడిగి చూడండి. అందులో ముక్కు వంకర నుంచి తిండి దాకా దేన్నీ వదలరు. అందరూ నవ్వుతారు, ఎవరూ లేచి వెళ్లరు. తేడా ఒక్కటే. ఆ పాటల వరస అందరికీ తెలుసు. ఈ పాటది మీ చుట్టాలకి తెలియదు.

ఇక రాసినాయన సంగతి. లోరెంజ్ హార్ట్ 1895లో న్యూయార్క్‌లో పుట్టాడు. మనిషి ఎత్తు 5 అడుగులు కూడా లేదు. తన రూపం మీద తనకే చిన్నచూపు. జీవితంలో ఎక్కువ భాగం తల్లితోనే గడిపాడు, పెళ్లి కాలేదు. స్వలింగ ప్రేమ అన్న మాట పైకి అనడానికే భయపడే రోజుల్లో ఆ రహస్యాన్ని మోశాడు. తాగుడు మింగేసింది. పొద్దున మనిషి దొరికితే చాలు, అరగంటలో పాట ఇచ్చేసేవాడు. దొరకడమే కష్టం. 1919లో హార్ట్‌ని మొదటిసారి కలిసినప్పుడు రాజర్స్‌కి 16 ఏళ్లు. ఒక్క మధ్యాహ్నంలో తనకి వృత్తి, భాగస్వామి, ప్రాణస్నేహితుడు, శాశ్వతమైన తలనొప్పి అన్నీ కలిపి దొరికాయని రాజర్స్ తర్వాత చెప్పుకున్నాడు. హార్ట్ 1943 నవంబర్ 22న న్యుమోనియాతో పోయాడు. 48 ఏళ్లు. పాటకీ రాసినవాడి బతుకుకీ ముడిపెట్టి చదవడం నాకు అంతగా నచ్చదు. నాటకంలో ఆ సందర్భానికి ఆ పాట కావాలి, రాశాడు. కానీ నా కోసం ఒక్క వెంట్రుక కూడా మార్చుకోకు అన్న మాట దగ్గరికి వచ్చేసరికి, అది ఎవరైనా తనతో అనాలని హార్ట్ ఎన్నాళ్లు ఎదురుచూశాడో అనిపించక మానదు.

ట్యూన్ గురించి మీకు కాస్త ఎక్కువ చెప్పొచ్చు, గిటార్ చేతిలో ఉంది కాబట్టి. పాట అసలు సి మైనర్‌లో ఉంటుంది (మైనర్ అంటే కాస్త దిగులుగా వినిపించే స్వరాల వరస). మీరు ఒకసారి ఏ మైనర్‌లో పట్టుకోండి. మూడో తీగ మీద రెండో ఫ్రెట్‌లో ఉన్న వేలుని ఒకటో ఫ్రెట్‌కి దించండి. తర్వాత వేలు తీసేసి తీగని ఖాళీగా మోగించండి. అక్కడి నుంచి నాలుగో తీగకి వెళ్లి నాలుగో ఫ్రెట్, ఆ తర్వాత మూడో ఫ్రెట్. ఐదు స్వరాలు, మెట్టు తర్వాత మెట్టు దిగుతాయి. పైన పాడే వరస మాత్రం ఉన్న చోటే మూడు స్వరాల మధ్య అటూ ఇటూ కదులుతూ ఉంటుంది. పైన మనిషి నవ్వుతూ ఎగతాళి చేస్తుంటే లోపల ఏదో జారిపోతూ ఉంటుంది. ఈ పాట వింటే దిగులు ఎందుకు వేస్తుందంటే సగం కారణం ఆ దిగే మెట్లే.

మిగతా సగం పాట కట్టుబడిలో ఉంది. ఆ కాలపు పాటలు చాలావరకు 32 బార్లు (తాళం ఒక చుట్టు తిరిగితే ఒక బార్). ఇది 36. చివరి భాగం ఎనిమిది బార్లలో తెగదు, పన్నెండు దాకా సాగుతుంది. ఆ సాగిన చోటే, "వెళ్లకు, ఉండిపో" అనే మాట మీద పాట మొత్తంలోకీ పై స్వరం వస్తుంది. అప్పటిదాకా చేసిన వెక్కిరింతంతా ఈ ఒక్క మాట అడగడానికి ధైర్యం కూడగట్టుకోవడమే అనిపిస్తుంది నాకు. మైనర్‌లో మొదలైన పాట వెలుగుగా వినిపించే మేజర్‌లో ఆగుతుంది. మీరు పాడేటప్పుడు ఎక్కడ బలం పెట్టాలో ఇప్పుడు తెలిసిందిగా? తిట్ల దగ్గర కాదు.

నాటకం బాగానే ఆడింది. 1939లో దాన్ని సినిమా తీసినప్పుడు మాత్రం ఈ పాటని తీసి పక్కన పెట్టేశారు. మిక్కీ రూనీ, జూడీ గార్లాండ్ ఉన్న సినిమా అది. 1945లో హాల్ మెకింటైర్ ఆర్కెస్ట్రా రికార్డు ఒకటి కాస్త వినిపించింది. అంతకు మించి పెద్ద పేరేమీ రాలేదు. పుట్టిన పదిహేనేళ్ల దాకా ఇది చాలా బ్రాడ్‌వే పాటల్లో ఒకటి, అంతే.

1952లో కథ మారింది. అమెరికా పడమటి తీరంలో జెర్రీ మలిగన్ అనే శాక్సోఫోన్ విద్వాంసుడు పియానో లేని నలుగురి బృందం పెట్టాడు. ట్రంపెట్ మీద 22 ఏళ్ల చెట్ బేకర్, బేస్ మీద కార్సన్ స్మిత్, డ్రమ్స్ మీద చికో హామిల్టన్. పియానో లేకపోతే కార్డ్స్ (ఒకేసారి కలిసి మోగే స్వరాలు) నింపేవాళ్లు ఉండరు. మధ్యలో బోలెడంత ఖాళీ. ఆ ఖాళీలో బేకర్ ట్రంపెట్ ట్యూన్‌ని దాదాపు ఉన్నది ఉన్నట్టు, గుసగుసగా వాయిస్తుంది. నేను చెప్పిన ఆ దిగే మెట్లు కింద బేస్ మీద విడిగా వినిపిస్తాయి. ఒక్క మాట లేదు. అయినా అది తిట్టు అని ఎవరూ అనుకోలేదు. ఈ రికార్డు 2015లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ భద్రపరిచే నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీలో చేరింది. మీ కాబోయే ఆవిడ ప్రాణం పెట్టేది, బేకర్ తన గొంతుతో పాడినది, దీని తర్వాతది, 1954 నాటి 'చెట్ బేకర్ సింగ్స్' రికార్డులోది. రెండున్నర నిమిషాలు కూడా ఉండదు. గొంతులో గమకం లేదు, ఊపు లేదు, నటన లేదు. పక్కన కూర్చున్న మనిషికి తప్ప వినిపించకూడదన్నట్టు పాడతాడు. అప్పట్లో ఆ గొంతుని తప్పుపట్టినవాళ్లు చాలామందే. 1988 ఏప్రిల్‌లో, చనిపోవడానికి రెండు వారాల ముందు జర్మనీలోని హనోవర్‌లో చేసిన కచేరీలో కూడా ఈ పాట ఉంది. ముప్పై నాలుగేళ్ల తేడాతో ఆ రెండింటినీ పక్కపక్కన వినండి. అదీ ఒంటరిగా ఉన్నప్పుడు వినండి, ఎంగేజ్‌మెంట్ పనుల మధ్య వద్దు.

సినాట్రా 1953 నవంబర్‌లో పాడాడు. 'సాంగ్స్ ఫర్ యంగ్ లవర్స్' ఈ పాటతోనే మొదలవుతుంది. మాట స్పష్టంగా వినాలంటే ఆయన్నే వినాలి. గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ 1956లో రాజర్స్, హార్ట్ పాటలే పాడిన రికార్డులో ఇందాక చెప్పిన వెర్స్‌తో సహా పాడింది. మీ అక్కగారికి వినిపించాల్సింది అదే.

మైల్స్ డేవిస్ దగ్గర మీకు పాట దొరకలేదన్నారు. మీ తప్పు కాదు. కాలేజీ రోజుల్లో స్నేహితుడి గదిలో ఆ 1964 కచేరీ క్యాసెట్ మొదటిసారి విన్నప్పుడు, అట్ట మీద పాట పేరు తప్పు పడిందనుకున్నాను. మైల్స్ దీన్ని రెండు సార్లు చెప్పుకోదగ్గ రీతిలో వాయించాడు. 1956 అక్టోబర్‌లో న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో, రికార్డింగ్ ఇంజనీర్ రూడీ వాన్ గెల్డర్ ఇంట్లోని స్టూడియోలో చేసిన రికార్డింగ్ మొదటిది. ట్రంపెట్‌కి శబ్దాన్ని అణిచే మ్యూట్ తగిలించి, దాన్ని మైకుకి దాదాపు ఆనించి వాయించాడు. ఇందులో పాట దొరుకుతుంది. బృందంలో శాక్సోఫోన్ వాయించే జాన్ కోల్‌ట్రేన్ ఈ ఒక్క పాటకి వాయించకుండా పక్కన కూర్చున్నాడు.

మీరు విన్నది రెండోది అయ్యుంటుంది. 1964 ఫిబ్రవరి 12, న్యూయార్క్ ఫిల్‌హార్మోనిక్ హాల్. మిసిసిపి, లూయిజియానా రాష్ట్రాల్లో నల్లవాళ్లని ఓటర్లుగా నమోదు చేయించే ఉద్యమానికి నిధుల కోసం చేసిన కచేరీ అది. పారితోషికం లేకుండా వాయించాలని మైల్స్ నిర్ణయించేశాడు. మిగతావాళ్లలో కొందరికి అది నచ్చలేదు. స్టేజి ఎక్కేటప్పటికి అందరూ ఒకరి మీద ఒకరు మండిపడుతున్నారని మైల్స్ తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆ వేడి వాయింపులో వినిపిస్తుంది. దాదాపు పావుగంట. మొదట్లో ఒక ముక్క ట్యూన్ అని, వెంటనే వదిలేస్తాడు. మన కచేరీలో ఒక లైను పట్టుకుని నెరవు చేసినట్టు, ఇక్కడ ఆ 36 బార్ల చట్రం తిరుగుతూనే ఉంటుంది, దాని మీద ప్రతిసారీ కొత్త ఇల్లు కడతారు. హెర్బీ హాన్‌కాక్ పియానో, రాన్ కార్టర్ బేస్, డ్రమ్స్ మీద 18 ఏళ్ల టోనీ విలియమ్స్. మధ్యలో నడక రెట్టింపు అవుతుంది, మళ్లీ తగ్గుతుంది. ఈసారి వినేటప్పుడు మనసులో పాట మాటలు అనుకుంటూ బార్లు లెక్కపెట్టండి. రెండు మూడు సార్లు తప్పిపోతారు. నాలుగోసారి 'ఉండిపో' అనే చోటు మీకు ఎదురొస్తుంది.

రాజర్స్‌కి తన ట్యూన్‌ని ఇలా కదిలించడం అంటే ఒళ్లుమంట. అది ఆయన ఇష్టం. మనకి మాత్రం మంచే జరిగింది.

మీరు పట్టుకోవాల్సినవాళ్లు గిటార్ పరంగా అయితే వేరే. బిల్ ఎవాన్స్ పియానో, జిమ్ హాల్ గిటార్, ఇద్దరే ఇద్దరు, 1962లో 'అండర్‌కరెంట్' కోసం చేసిన రికార్డింగ్. అందరూ నెమ్మదిగా ఏడిపించే పాటని వీళ్లు పరుగెత్తించారు. ఒక దశలో జిమ్ హాల్ కార్డ్స్‌తోనే తాళం మొత్తం మోస్తాడు, డ్రమ్స్ లేవన్న సంగతే మర్చిపోతాం. దాన్ని కాపీ కొట్టాలని మాత్రం చూడకండి. నెల రోజుల్లో అయ్యే పని కాదు. గిటార్ ఒక్కటే పాటని ఎంత దూరం తీసుకెళ్లగలదో తెలియడానికి వినండి.

ఇప్పుడు పాడాలా, మానాలా.

స్టేజి మీద పాడకండి, వాయించండి. మాటలు లేకుండా, నెమ్మదిగా, ఒకసారి మొత్తం పాట, రెండోసారి చివరి పన్నెండు బార్లు. మూడు నిమిషాలు దాటనివ్వకండి. ఫంక్షన్‌లో వడ్డన మొదలయ్యాక ఎవరి గిటార్‌కీ విలువ ఉండదు. అమ్మాయికి పాట తెలుసు కాబట్టి మాటలు తనకి వాటంతటవే వినిపిస్తాయి. మిగతా మూడొందల మందికి మంచి సంగీతం వినిపిస్తుంది. వాళ్ల నాన్నగారు కుర్చీలోనే ఉంటారు. మలిగన్ బృందం చేసింది కూడా ఇదే కదా, దొంగచాటు పనేమీ కాదు.

మాటలతో పాడటం తర్వాత, మీరిద్దరే ఉన్నప్పుడు. అప్పుడు వెర్స్‌తో సహా పాడండి. ఇది అసలు అమ్మాయి పాడే పాట అని చెప్పి, రెండోసారి తనని పాడమనండి. మిమ్మల్ని మొద్దబ్బాయి అనే అవకాశం తను ఎందుకు వదులుకుంటుంది?

ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ పాట ఎవరికి పడితే వాళ్లకి పనికిరాదు. చిన్నప్పటి నుంచి రంగు గురించో, లావు గురించో ఇంట్లోనే మాటలు పడ్డ ఆడపిల్లలు మన దగ్గర చాలామంది. అలాంటి మనిషికి ఈ ఎగతాళి ప్రేమగా చేరదు, పాత గాయానికి తగులుతుంది. మీ ఆవిడకి అలాంటిదేమైనా ఉందో లేదో తెలియాల్సింది మీకే. తనకి ఇష్టమైన పాటే అయినా, వేరేవాళ్ల నోట వినడం వేరు, మీ నోట వినడం వేరు. ఏమాత్రం అనుమానం ఉన్నా ముందుగా అడిగేయండి. సర్‌ప్రైజ్ పోతే పోతుంది.

మీ అక్కగారికి ఎల్లా పాడినది ఇయర్‌ఫోన్స్‌లో కాకుండా స్పీకర్‌లో వినిపించండి, పక్కన కూర్చుని వెర్స్ ఒక్కో లైనూ అర్థం చెప్పండి. అయినా ఒప్పుకోకపోతే వాదించకండి. ఆవిడ కాపాడుతున్నది ఇంకా ఇంటికి రాని మరదల్ని. అది కూడా చిన్న విషయం కాదు.

ఇక పని మాట. గిటార్‌కి కొత్త స్ట్రింగ్స్ వేయాలనుకుంటే ఫంక్షన్ రోజు పొద్దున వేయకండి, నాలుగైదు రోజుల ముందే వేసి రోజూ వాయించండి. కొత్త తీగలు శ్రుతిలో నిలవవు. పైగా విశాఖలో సముద్రపు గాలికి పాతవి తుప్పు పట్టి, నేను చెప్పిన ఆ మూడో తీగ దగ్గరే గొంతు పట్టేస్తుంది.